నీటిలో యాంటీబయాటిక్‌ల జాడ: వెలిగే కర్బన నానోకణాల చరిత్ర

8.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• యాంటీబయాటిక్‌లు నీటిలోకి ఎలా చేరాయో, అది ఎప్పుడు, ఎందుకు సమస్యగా మారిందో చెప్పగలుగుతారు.
• ప్రతిదీప్తి అనే దృగ్విషయాన్ని గుర్తించిన క్రమాన్ని వివరించగలుగుతారు.
• కర్బన నానోకణాలు వెలుగులోకి వచ్చిన తీరును, వాటితో యాంటీబయాటిక్‌లను పసిగట్టే సూత్రాన్ని తెలపగలుగుతారు.
• ఈ పద్ధతి ఎక్కడ పనికివస్తుందో, ఎక్కడ పనికిరాదో లెక్క వేసి నిర్ణయించగలుగుతారు.

8.1 పరిచయం

విజ్ఞానశాస్త్ర చరిత్ర అనగానే మనకు కొత్త మందులు, కొత్త యంత్రాలు, వాటిని కనుక్కున్నవారి పేర్లు గుర్తుకొస్తాయి. కొలతల చరిత్రను అంతగా పట్టించుకోం. కాని ఒక చెరువు నీరు పాడైందని ఊరివాళ్లు ఎంత చెప్పినా, ఆ మాట కాగితం మీద అంకెగా మారేదాకా కార్యాలయాల్లో, న్యాయస్థానాల్లో దానికి బలం తక్కువ. కాబట్టి ఏ పదార్థాన్ని ఎవరు, ఎక్కడ, ఎంత ఖర్చుతో కొలవగలరన్నది ప్రయోగశాలకే పరిమితమైన విషయం కాదు. అది సమాజానికి సంబంధించిన ప్రశ్న కూడా.

ఈ భాగంలో మూడు వేర్వేరు చరిత్రలు ఒకచోట కలుస్తాయి. మొదటిది యాంటీబయాటిక్‌లది. రెండోది ప్రతిదీప్తిది, అంటే ఒక రంగు కాంతిని గ్రహించి వేరొక రంగు కాంతిని విడుదల చేసే గుణానిది. మూడోది కొన్ని నానోమీటర్ల పరిమాణంలో ఉండే కర్బన కణాలది. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు అని గుర్తుంచుకోండి.

8.2 మందు నుంచి మాలిన్యం దాకా

1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను గుర్తించాడు. 1943లో అమెరికాలో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్‌ను వేరుచేశాడు. ఈ వరసలో తెలుగువారికి దగ్గరి సంబంధం ఉన్న ఘట్టం 1948 నాటిది. ఆ ఏడాది లెడర్లీ ప్రయోగశాలల నుంచి ఆరియోమైసిన్ ప్రపంచానికి పరిచయమైంది. మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలం నుంచి తెచ్చిన మట్టి నమూనాలోని సూక్ష్మజీవిలో దాన్ని కనుక్కున్నది వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్. అప్పుడు లెడర్లీ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సంవత్సరం ఆగస్టులో ఆయన మరణించాడు. ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. దాని బంగారు పసుపు రంగు వల్లే ఆ పేరు వచ్చింది. ఈ రంగు సంగతి గుర్తుపెట్టుకోండి, 8.5లో మళ్లీ అవసరమవుతుంది.

ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోళ్ల దాణాలో కలిపితే పిల్లలు త్వరగా బరువు పెరుగుతున్నాయని లెడర్లీలోనే థామస్ జూక్స్ మొదలైనవారు 1950 ప్రాంతంలో గమనించారు. అక్కడి నుంచి యాంటీబయాటిక్‌లు రోగికే కాక పశువులకూ, కోళ్లకూ నిత్యాహారంలో భాగమయ్యాయి. తిన్న మందంతా ఒంట్లో ఖర్చు కాదు. టెట్రాసైక్లిన్ వంటివాటిలో పెద్ద భాగం మార్పు చెందకుండానే మలమూత్రాల ద్వారా బయటికి వస్తుంది. అలా మురుగు కాలువ, వాగు, చెరువు వరసగా దాని దారి అయ్యాయి.

ఇలా పలుచగా నీటిలో ఉన్న మందు బాక్టీరియాను పూర్తిగా చంపదు. బలహీనమైనవాటిని అణచి, తట్టుకోగలిగినవాటికి చోటిస్తుంది. తగినంత మోతాదు వాడకపోతే సూక్ష్మజీవులు మందుకు అలవాటు పడతాయని ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించాడు. ఆయన రోగి ఒంటిలోని మోతాదును దృష్టిలో పెట్టుకుని ఆ మాట అన్నాడు. ఆ తర్కం వాగుకూ వర్తిస్తుందని గ్రహించడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1999–2000లో 30 రాష్ట్రాల్లోని 139 వాగులు, నదుల నీటిని పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించింది. 80 శాతం చోట్ల మందులో, ఇతర సేంద్రియ వ్యర్థాలో ఏదో ఒకటి కనిపించింది. ఆ జాబితాలో యాంటీబయాటిక్‌లు కూడా ఉన్నాయి.

8.3 పటాన్‌చెరు: అంకె దొరికిన చోటు

1960లలో ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్ హైదరాబాదులో మందుల కర్మాగారం నెలకొల్పింది. 1970 నాటి పేటెంట్ చట్టం మందుల విషయంలో పదార్థానికి కాక తయారీ పద్ధతికే హక్కు ఇవ్వడంతో, వేరే పద్ధతిలో అదే మందును చవకగా తయారుచేసే అవకాశం మన రసాయనశాస్త్రజ్ఞులకు దొరికింది. ఈ రెండింటి ఫలితంగా హైదరాబాదు చుట్టుపక్కల బల్క్ డ్రగ్ పరిశ్రమ విస్తరించింది. అందులో ఒక ముఖ్య కేంద్రం అప్పటి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరు. ఇప్పుడది సంగారెడ్డి జిల్లాలో ఉంది. ప్రపంచానికి చవకగా మందులు దొరకడంలో ఈ ప్రాంతపు శ్రమ ఉంది. వ్యర్థజలాలు మాత్రం ఇక్కడే మిగిలాయి. ఇసకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలోకి, అక్కడి నుంచి గోదావరిలోకి చేరే నీటి దారి ఇది. పంటలు, పశువులు, బావులు దెబ్బతిన్నాయన్న గ్రామాల ఫిర్యాదు 1990లలోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం ఒక పరిశోధన పత్రం వెలువరించింది. సుమారు 90 మందుల పరిశ్రమల నుంచి వ్యర్థజలాలు అందుకునే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయి బయటికి వస్తున్న నీటినే వారు పరీక్షించారు. అందులో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 28 నుంచి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఈ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే గరిష్ఠ స్థాయి కంటే ఇది ఎక్కువ. రోజుకు సుమారు 1,500 ఘనపు మీటర్ల నీరు, అంటే 15 లక్షల లీటర్లు విడుదలవుతోందనుకుని మీరే గుణించి చూడండి. లీటరుకు 30 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 45 కిలోల మందు వాగులో కలుస్తున్నట్టు లెక్క తేలుతుంది. 2009లో వెలువడిన మరో అధ్యయనం ఆ ప్రాంతపు చెరువుల్లోనూ, ఊరి బావుల్లోనూ మందుల అవశేషాలు ఉన్నాయని చూపింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. నీరు పాడైందన్న సంగతి గ్రామస్తులకు 2007లో కొత్తగా తెలియలేదు. కొత్తగా దొరికింది ఏ మందు, ఎంత అన్న అంకె. ఆ అంకెను ఇచ్చింది ద్రవ క్రోమటోగ్రఫీని ద్రవ్యరాశి వర్ణపటమాపకంతో జోడించిన పరికరం. అది అత్యంత నమ్మకమైన పద్ధతే. కాని అలాంటి యంత్రం ఖరీదు ఎక్కువ, నడపడానికి శిక్షణ పొందినవారు కావాలి, నమూనాను చల్లగా ఉంచి ప్రయోగశాలకు చేర్చాలి. వాగు గట్టునే నిలబడి తేల్చగలిగే చవకైన పద్ధతి ఉంటే? ఈ అవసరమే మనల్ని ప్రతిదీప్తి వైపు నడిపిస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. వాడిన యాంటీబయాటిక్ నీటిలోకి చేరే రెండు మార్గాలు ఏవి?
2. 2007 నాటి కొలతకు ముందే తెలిసినదేమిటి, ఆ కొలతతో కొత్తగా తెలిసినదేమిటి?

8.4 ప్రతిదీప్తి: కొయ్య కషాయం నుంచి క్వినైన్ దాకా

1565లో స్పెయిన్ వైద్యుడు నికొలాస్ మొనార్డెస్, మెక్సికో నుంచి వచ్చిన ఒక రకం కొయ్యను నీటిలో నానబెడితే ఆ నీరు నీలంగా మెరుస్తుందని రాశాడు. కారణం అప్పట్లో తెలియలేదు. 1845లో జాన్ హెర్షెల్, మలేరియాకు వాడే క్వినైన్ ద్రావణం ఎండలో పెడితే దాని పైపొర నీలంగా కనిపించడాన్ని వర్ణించాడు. 1852లో జార్జి స్టోక్స్ దీనికి వివరణ ఇచ్చాడు. పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి, క్వినైన్ ద్రావణాన్ని ఒక్కో రంగులో ఉంచుతూ పోయాడు. కనిపించే రంగులు దాటి, కంటికి ఏమీ కనబడని అతినీలలోహిత ప్రాంతంలోకి రాగానే ద్రావణం నీలంగా వెలిగింది. అంటే అది తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని మింగి ఎక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని ఇస్తోంది. ఇదే గుణమున్న ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం పేరు మీదుగా ఆయన దీనికి ఇంగ్లీషులో ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టాడు. తెలుగులో ప్రతిదీప్తి అంటున్నాం.

వెలుగు ఎందుకు తగ్గుతుందన్నది తరవాతి ప్రశ్న. ప్రతిదీప్తి ఉన్న ద్రావణంలో మరో పదార్థం కలిస్తే ఒక్కోసారి వెలుగు మందగిస్తుంది. దీన్ని శమనం అంటారు, అందుకు కారణమైన పదార్థం శమనకారి. 1919లో ఆటో స్టెర్న్, మాక్స్ వోల్మర్ దీనికి గణిత సంబంధాన్ని ఇచ్చారు. శమనకారి లేనప్పటి వెలుగును అది ఉన్నప్పటి వెలుగుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి, శమనకారి గాఢతతో పాటు సరళరేఖలో పెరుగుతుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూడండి. శమనకారి లేనప్పుడు వెలుగు 1000 ప్రమాణాలు. 5 మైక్రోమోలార్ కలిపితే 800కు తగ్గింది. నిష్పత్తి 1.25, అంటే ఒక్కో మైక్రోమోలార్‌కు నిష్పత్తి 0.05 చొప్పున పెరిగింది. తెలియని నమూనాలో వెలుగు 625 ఉంటే నిష్పత్తి 1.6. ఒకటి కంటే 0.6 ఎక్కువ. దాన్ని 0.05తో భాగిస్తే గాఢత 12 మైక్రోమోలార్. వెలుగు తగ్గుదల ఇలా కొలతగా మారుతుంది.

8.5 మసిలో దొరికిన వెలుగు

ఇరవయ్యో శతాబ్దం చివరికి, నానోమీటర్ల పరిమాణంలో ఉన్న అర్ధవాహక కణాలు పరిమాణాన్ని బట్టి రంగు మారుస్తాయని తెలిసింది. వీటిని క్వాంటం చుక్కలంటారు. వీటి పరిశోధనకే ఎకిమోవ్, బ్రూస్, బావెండీలకు 2023 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. కాని బాగా వెలిగేవాటిలో చాలావాటికి కాడ్మియం ఆధారం. నీటి కాలుష్యాన్ని కొలవడానికి కాడ్మియం వాడటం అంత మెచ్చుకోదగిన పని కాదు.

ప్రత్యామ్నాయం అనుకోకుండా దొరికింది. 2004లో అమెరికాలోని దక్షిణ కరొలైనా విశ్వవిద్యాలయంలో ఒక బృందం, విద్యుత్ చాపంతో తయారైన మసి నుంచి కర్బన నానో గొట్టాలను శుద్ధి చేస్తోంది. విద్యుత్ క్షేత్రంలో పదార్థాలను విడదీసే క్రమంలో, గొట్టాలతో పాటు వెలుగు చిమ్ముతూ వేగంగా కదిలే సన్నని పట్టీలు కనిపించాయి. వారు వెతుకుతున్నది వాటిని కాదు. మలినంగా తీసిపారేయవలసినదాన్ని ఆగి పరిశీలించడమే వారు చేసిన మేలు. 2006లో అదే రాష్ట్రంలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో యా-పింగ్ సన్ బృందం లేజరుతో కర్బనం నుంచి ఇలాంటి కణాలు తయారుచేసి, వాటి ఉపరితలానికి ఒక పాలిమర్‌ను అంటించి, ప్రకాశవంతంగా వెలిగేలా చేసింది. వీటిని కర్బన చుక్కలు అని పిలవడం అక్కడ మొదలైంది.

లేజరు అందరికీ దొరకదు. 2007లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొవ్వొత్తి మంట మీద రేకు పట్టి మసి సేకరించారు. మన ఇళ్లలో కాటుక పట్టే పద్ధతి లాంటిదే ఇది. ఆ మసిని నత్రికామ్లంలో మరిగించి వెలిగే కణాలను వేరుచేశారు. అయితే వాటి క్వాంటం దిగుబడి, అంటే మింగిన ప్రతి వంద ఫోటాన్‌లకు తిరిగి ఇచ్చే ఫోటాన్‌ల సంఖ్య, రెండు కూడా లేదు. 2012లో ఒడిశాలోని రూర్కెలా ఎన్‌ఐటీ పరిశోధకులతో కూడిన బృందం నారింజరసాన్ని మూసిన పాత్రలో వేడిచేసి దాదాపు 26 శాతం దిగుబడి సాధించింది. 2013లో చైనాలోని జిలిన్ విశ్వవిద్యాలయం నుంచి బాయ్ యాంగ్ బృందం నిమ్మ ఉప్పు, ఇథిలీన్ డైఅమీన్ కలిపి వేడిచేసి దాదాపు 80 శాతం సాధించినట్టు ప్రకటించింది. ఈ దిగుబడులను పోల్చడానికి నేటికీ ఎక్కువగా వాడే ప్రమాణం ఏమిటో తెలుసా? స్టోక్స్ పరిశీలించిన ఆ క్వినైన్ లవణమే.

ఇప్పుడు ఆరియోమైసిన్ పసుపు రంగు దగ్గరికి రండి. ఒక పదార్థం పసుపుగా కనిపించడమంటే అది ఊదా, నీలం వైపు కాంతిని శోషించుకుంటోందని అర్థం. టెట్రాసైక్లిన్‌లు 360 నానోమీటర్ల ప్రాంతంలో కాంతిని బాగా మింగుతాయి. నీలంగా వెలిగే కర్బన చుక్కలను వెలిగించడానికి సాధారణంగా వాడేది కూడా సరిగ్గా ఆ ప్రాంతపు కాంతినే. కాబట్టి నీటిలో టెట్రాసైక్లిన్ ఉంటే చుక్కలకు చేరవలసిన కాంతిని అది దారిలోనే లాగేసుకుంటుంది. లాంతరు బుడ్డికి మసి పడితే వత్తి బాగానే మండుతున్నా గదిలో వెలుగు తగ్గుతుంది కదా, ఇదీ అలాంటిదే. దీన్ని అంతర వడపోత ప్రభావం అంటారు. కొన్ని సందర్భాల్లో మందు అణువు చుక్క ఉపరితలానికి అంటుకుని నేరుగా వెలుగును అణచడం కూడా జరుగుతుంది.

వెలుగు తగ్గడాన్ని కంటితో అంచనా వేయడం కష్టం. రంగు మారడాన్ని గుర్తించడం తేలిక. అందుకని నీలంగా వెలిగే చుక్కలతో పాటు యూరోపియం అయాన్‌లను జతచేస్తారు. టెట్రాసైక్లిన్ యూరోపియంతో బంధం ఏర్పరచుకుంటే ఎర్రని వెలుగు వస్తుంది. మందు పెరిగేకొద్దీ నీలం ఎరుపుకు తిరుగుతుంది. ఈ మిశ్రమాన్ని వడపోత కాగితానికి పట్టించి, అతినీలలోహిత దీపం కింద సెల్‌ఫోన్ కెమెరాతో రంగు చదివే పద్ధతులను పరిశోధకులు రూపొందించారు.

8.6 ఎక్కడ పనికివస్తుంది, ఎక్కడ పనికిరాదు

కొత్త పద్ధతి గురించి చదివినప్పుడు మీరు అడగవలసిన మొదటి ప్రశ్న: అది కొలవగలిగే అతి తక్కువ గాఢత ఎంత, మనకు కావలసింది ఎంత?

బాక్టీరియాలో నిరోధకత పెరగకుండా ఉండాలంటే నీటిలో మందు ఏ స్థాయికి మించకూడదో 2016లో లార్సన్, బెంగ్ట్‌సన్-పాల్మె అంచనా వేశారు. సిప్రోఫ్లోక్సాసిన్‌కు లీటరుకు 0.064 మైక్రోగ్రాములు, టెట్రాసైక్లిన్‌కు 1 మైక్రోగ్రాము. టెట్రాసైక్లిన్ అణుభారం సుమారు 444 కాబట్టి 1 మైక్రోగ్రాము అంటే లీటరుకు దాదాపు 2.3 నానోమోల్‌లు. కర్బన చుక్కల పద్ధతుల్లో చాలావాటి కనిష్ఠ పరిమితి పదుల, వందల నానోమోలార్‌లలో ఉంటుంది. అంటే చెరువు నీరు సురక్షితమని ధ్రువీకరించడానికి అలాంటి పద్ధతి చాలదు. కాగితం రంగు మారలేదంటే మందు లేదని కాదు, ఈ కాగితానికి అందేంత లేదని మాత్రమే.

మరి పటాన్‌చెరులో 2007లో తేలిన సంగతి? లీటరుకు 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లోక్సాసిన్ అంటే, దాని అణుభారం 331 ప్రకారం, దాదాపు 94 మైక్రోమోలార్. సురక్షిత అంచనాకు ఇది 4.8 లక్షల రెట్లు. ఇలాంటి గాఢతకు మోటు పరికరం కూడా చాలు. కాబట్టి ఈ పద్ధతికి ప్రస్తుతం తగిన చోటు కర్మాగారపు గొట్టం నోరు. ఏ నమూనాను పెద్ద ప్రయోగశాలకు పంపాలో వాగు గట్టున తేల్చుకునే తొలి జల్లెడగా దాన్ని చూడాలి.

రెండో ప్రశ్న ఎంపిక గురించి. ఇనుము అయాన్‌లు కూడా చాలా రకాల కర్బన చుక్కల వెలుగును తగ్గిస్తాయి. వాగు నీటిలో కుళ్లిన ఆకుల నుంచి వచ్చే హ్యూమిక్ పదార్థాలు అతినీలలోహిత కాంతిని మింగుతాయి. సిప్రోఫ్లోక్సాసిన్ విషయంలో చిక్కు వేరు: అది స్వయంగా నీలి వెలుగునిస్తుంది కాబట్టి కేవలం తగ్గుదల మీద ఆధారపడలేం. శుద్ధ జలంలో మందు కలిపి చేసిన పరీక్ష విజయాన్ని వాగు నీటి విజయంగా లెక్కించకూడదు.

మూడోది, వెలిగేది ఏమిటన్న మౌలిక ప్రశ్న. నిమ్మ ఉప్పుతో చేసిన చుక్కల వెలుగులో పెద్ద భాగం కర్బన కణానిది కాదని, తయారీలో ఏర్పడిన చిన్న ప్రతిదీప్త అణువులదని 2015 ప్రాంతంలో తేలింది. ఆ విషయాన్ని బయటపెట్టినవారిలో 80 శాతం దిగుబడి ప్రకటించిన బృందమే ఉండటం గమనార్హం. అందువల్ల కణాలను సరిగా శుద్ధి చేయని ప్రయోగం ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి.

8.7 కొలత, చట్టం

కొలిచాక ఆ అంకెను దేనితో పోల్చాలి? 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం బల్క్ డ్రగ్ పరిశ్రమల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులను ముసాయిదాలో ప్రతిపాదించింది. 2021లో వెలువడిన తుది ప్రకటనలో ఆ పరిమితులు లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల నిర్వహణపై మార్గదర్శకాలు విడుదల చేసింది. మార్గదర్శకం సలహా ఇస్తుంది, చట్టంలా కట్టడి చేయదు.

పరిమితి లేనిచోట కొలత సమాచారంగా మిగులుతుంది. కొలవలేనిచోట పరిమితి కాగితం మీద మిగులుతుంది. రెండూ ఉన్నప్పుడే వాగు పక్క రైతు చేతిలోని అంకెకు విలువ వస్తుంది. కర్బన చుక్కల చరిత్ర ఈ రెంటిలో ఒకదాన్ని మాత్రమే చవక చేసే ప్రయత్నం.

8.8 సారాంశం

మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి వచ్చిన మందులు వాడకం ద్వారా, తయారీ ద్వారా తిరిగి మట్టిలోకీ నీటిలోకీ చేరి నిరోధకతకు దారితీశాయి. 2007 నాటి పటాన్‌చెరు కొలత తయారీ కాలుష్యపు తీవ్రతను అంకెల్లో చూపింది. స్టోక్స్ వివరించిన ప్రతిదీప్తి, స్టెర్న్–వోల్మర్ సంబంధం, 2004లో మసిలో బయటపడిన కర్బన చుక్కలు కలిసి ఒక చవకైన పరీక్షకు ఆధారమయ్యాయి. గాఢత ఎక్కువగా ఉన్న వ్యర్థజలాలకు అది తగినది. పలుచని నీటికి ద్రవ్యరాశి వర్ణపటమాపకం అవసరం ఇంకా తీరలేదు.

8.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. పది పంక్తుల్లో జవాబు రాయండి.
1. అంతర వడపోత ప్రభావాన్ని టెట్రాసైక్లిన్ ఉదాహరణతో వివరించండి.
2. కర్బన చుక్కలు బయటపడిన సందర్భాన్ని రాయండి. అందులో మలినం పాత్ర ఏమిటి?

II. ముప్ఫై పంక్తుల్లో జవాబు రాయండి.
1. "పరీక్ష కాగితం రంగు మారలేదు కాబట్టి మా చెరువు నీరు సురక్షితం" అని మీ ఊరి పెద్ద ఒకరు అన్నారనుకోండి. 8.6లోని లెక్కల ఆధారంగా ఆయనకు మీరెలా వివరిస్తారు?
2. కొలిచే సాధనం, పరిమితి విధించే చట్టం ఈ రెండింటి సంబంధాన్ని పటాన్‌చెరు నేపథ్యంలో చర్చించండి.